ప్లైవుడ్‌కు సరిపోయే గాడి

అమీర్‌పేటలో రౌటర్ ఎక్కడ దొరుకుతుందని అడిగితే ఎవరైనా ఇంటర్నెట్ డబ్బాల దుకాణమే చూపిస్తారు. మా ఇంట్లో రౌటర్ అంటే వేరు. బల్లకింద బిగించి ఉంటుంది, పైకి తేలిన బిట్టు, అదే కోసే ములికి, గిర్రున తిరుగుతుంటుంది, దాని పక్కనుంచి చెక్కను తోసుకుంటూ పోతే అంచున గాడి పడుతుంది. పోయిన చలికాలం ఆ మిషనే మా ఆయన విజయేందర్ ఎడమచేతి చూపుడువేలు సగం తీసుకుపోయింది. చెక్కలో ముడి తగిలింది, చెక్క వెనక్కి తన్నింది, చెయ్యి ముందుకు పోయింది. అంతే. సోమాజిగూడ ఆసుపత్రిలో మంచం మీద పడుకుని కూడా మనిషి నవ్వుతూనే ఉన్నాడు. "తాళి ఎప్పుడో కట్టేసిన గదా, ఇగ ఆ వేలుతోని ఏం పని?" అని నన్నే ఆటపట్టించాడు. ఆ నవ్వు చూసి, హమ్మయ్య, గుండె గట్టి మనిషే అనుకున్నాను.

పుండు మానింది. ఉగాది పోయింది, ఎండలు పోయాయి, ఆషాఢం వచ్చింది. రోజూ మా వడ్రంగి దుకాణానికి పోతాడు. ఉలి పడతాడు, చిత్రిక పడతాడు, కొలతలు తీస్తాడు. మిషన్ స్విచ్చి మాత్రం ముట్టడు. ఆ వానాకాలమంతా మా ఇంట్లో నడిచింది ఒక్కటే ప్రశ్న. ఈ మనిషి మళ్ళీ మిషన్ ముందు నిలబడతాడా, లేదా? నిలబడకపోతే దుకాణం లేదు. చేతి ఉలితో వంటగది తలుపులు చేసిస్తామంటే ఇప్పుడు ఎవరు ఆగుతారు? పనికి మనిషిని పెడదామంటే మా మామయ్య మొగిలయ్య ఇంటి పైకప్పు ఎగిరిపోయేలా అరిచేవాడు. "మన దుకాణంల బయటోడు మిషన్ తోల్తడా? నేను సచ్చినంక పెట్టుకోండ్రి" అనేవాడు. ఆయన చేతులకు వణుకొచ్చింది, కళ్ళకు ఆపరేషనైంది, పాలిష్ పని తప్ప ఇంకేం చేయలేడు. నోటికి మాత్రం ఏ వణుకూ రాలేదు.

పంజాగుట్టలో ఒక మాడ్యులర్ కిచెన్ షోరూమ్ వాళ్ళు మా ఆయన్ను పిలిచారు. పని తెలిసినవాడు, కౌంటర్లో కూర్చుని వచ్చినవాళ్ళకు రంగులు చూపిస్తే చాలన్నారు. ఆ మాట చెప్పిన రోజు ఆయన అన్నం సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

అట్లాంటి రోజుల్లో దుర్గాంబ గారు దొరికారు. పంజాగుట్టలో వాళ్ళ కొత్త ఫ్లాటు, శ్రావణంలో గృహప్రవేశం. ఆర్డర్లు మాట్లాడేది నేనే కాబట్టి నేనూ ఆయనతో వెళ్ళాను.

"ఏంటమ్మా అనుపమా, ఎవర్నడిగినా నున్నటి పలకలే చూపిస్తున్నారు. లాడ్జి గదిలో బీరువాల్లా ఉన్నాయి. నాకు చుట్టూ చట్రం, మధ్యలో పలక, చూస్తే తలుపులా ఉండాలి. మీరు చేస్తారా?" అని అడిగారు దుర్గాంబ గారు.

నేను నోరు తెరిచేలోపే విజయేందర్ మోకాళ్ళ మీద కూర్చుని టేపు లాగాడు. "చేస్తం మేడమ్. చట్రం టేకుతోని పెడ్దాం. నడిమి పలక మాత్రం ప్లైవుడ్. వానకు ఉబ్బదు, ఎండకు తగ్గది. అంచుకు జర వంపులిస్తె మంచిగుంటది."

"వంపులొద్దు బాబూ. ఆ వంపుల్లో తాలింపు జిడ్డు పట్టిందంటే టూత్‌బ్రష్ పెట్టి తోముకోవాలి. ఆ తోమేది నేనే కదా! సాదాగా ఉండనీ."

ఆయన గట్టిగా నవ్వాడు. కాగితం మీద తలుపు గీశాడు, నిలువు చెక్కలు, అడ్డం చెక్కలు, వాటి లోపలి అంచున గాడి, గాడిలో కూర్చునే పలక. గీస్తుంటే ముందుకు వంగిపోయి, నాలుక పంటికింద పెట్టుకుని, పాత మనిషిలా ఉన్నాడు. మెట్లు దిగుతుంటే నాకు కడుపు నిండినట్టయింది. అమ్మయ్య, పని మీద యావ పుట్టింది, ఇక మిషన్ అదే నడుస్తుందనుకున్నాను. దుర్గాంబ గారు ఇంకెవరినీ చూడబోనన్నారు. "మీ మాట మీదే ఉన్నాను" అన్నారు నా చెయ్యి పట్టుకుని.

టేకు వచ్చింది, ప్లైవుడ్ వచ్చింది. ఇక బిట్టు కొనాలి. అక్కడ మొదలైంది.

మా గల్లీ మలుపులో రాఘవయ్య హార్డ్‌వేర్ దుకాణం. గాడి తీయడానికొకటి, ఆ గాడిలో దూరేలా అడ్డం చెక్కల కొసలు చెక్కడానికొకటి, రెండు బిట్లు జతగా వస్తాయి. మొదటి జత తెచ్చిన రోజు మా ఆయన ప్లైవుడ్ ముక్క పక్కన పెట్టి వెర్నియర్ స్కేలుతో మందం కొలిచి పెదవి విరిచాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఆరు ఎమ్మెమ్ షీటని ముద్ర కొట్టిండ్రు గని ఇది ఆరుంటదా? కొలిస్తె అయిదు మీద ఇంతంత. బిట్టేమో నిఖార్సు ఆరు తీస్తది. పలక గాడిల వదులైతది."

పాలిష్ గుడ్డ చేతిలో పట్టుకుని కూర్చున్న మామయ్య ఆ మాట అందుకున్నాడు. "వదులైతె ఏమాయెరా? మా నాయిన నాకు జెప్పింది గదే. నడిమి పలకకు ఊపిరి ఉంచాలె. బిగ్గ గొడ్తె వానకు ఉబ్బి చట్రాన్ని చీలుస్తది."

"అది టేకు పలక నాయినా. ఇది ప్లైవుడ్, ఇది ఉబ్బదు. దీనికి ఊపిరి ఉంచితె దినామంత లొడలొడ కొట్టుకుంటది. గమ్ముబెట్టి బిగ్గనే కూసోబెట్టాలె."

"నాకు నేర్పుతున్నవా?"

"నేర్పుడేంది? ఇంట్ల మన అల్మార తెరిచి జూడు."

నేను నవ్వాపుకోలేకపోయాను. మా వంటింట్లో అల్మారా మామయ్య చేసిందే. ప్లైవుడ్ పలకకు కూడా టేకు పలకకు ఉంచినంత ఊపిరి ఉంచేశాడు. చక్కెర డబ్బా కోసం ఎవరు తలుపు తీసినా నాలుగిళ్ళకు వినబడుతుంది. మా అత్తమ్మ లచ్చమ్మ అయితే ఆ తలుపును చేత్తో అదిమి పట్టుకుని, పసిపిల్లను లేపకుండా ఊయల దాటుతున్నట్టు మెల్లగా తెరుస్తుంది. మామయ్య మొహం గంటుపెట్టుకుని గుడ్డ విసిరి బయటికి పోయాడు. బిట్టు వాపసు పోయింది.

రెండో జత తెచ్చాడు, బేరింగు పట్టేస్తోంది, అంచు కాలి నల్లబడుతుందని తిప్పి పంపాడు. ఆ తర్వాత వచ్చినదానికి వంపులున్నాయి, దుర్గాంబ గారు సాదా అడిగారు. మరొకటి గాడి సరిగ్గానే ఉంది గాని దాని కాడ సన్నం, చిన్న చేతిమిషన్‌కు సరిపోయేది, బల్ల మిషన్లో పెడితే పుటుక్కుమంటుందన్నాడు. ఏ ఒక్క మాటా అబద్ధం కాదు. నాకు పని తెలియకపోయినా ఇన్నేళ్ళుగా వింటున్న చెవులున్నాయి, ఏది సాకో ఏది నిజమో పట్టుకోగలను. అన్నీ నిజాలే. అందుకే నాకు అనుమానం రాలేదు. పైగా, చూడు, ఎంత నిదానంగా, ఎంత జాగ్రత్తగా చేస్తున్నాడో అని మురిసిపోయాను కూడా.

చివరికి ఆయనే తేల్చాడు. "ఇట్ల కాదే. రెండు కోసే చక్రాలుండి, నడుమ వాషర్లుండే బిట్టొకటి ఉంటది. వాషర్ కలిపితె గాడి వెడల్పు, తీస్తె సన్నం. ప్లైవుడ్ ఎంతుంటె గంతకు సరి చేసుకోవచ్చు. రాఘవయ్యన్నకు చెప్పిన. రాణిగంజ్ నుంచి తెప్పిస్తడట."

"ఎప్పుడొస్తుంది?"

"వస్తది. జర ఓపిక పట్టు."

ఓపిక పట్టాను. బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం అయింది. గల్లీ నిండా జనం, డప్పులు, వేపమండలు, బస్సులన్నీ దారి మళ్ళాయి. అత్తమ్మ బోనం ఎత్తుకుని తడిబట్టలతో క్యూలో నిలబడింది. "ఏం మొక్కినవ్ అత్తమ్మా?" అని అడిగితే, "వాని చేతికి వాని పని రావాలె అని మొక్కిన. ఇంకేమడుగుత?" అంది. ఆ మాటకు నా కళ్ళు తడిసాయి. అత్తమ్మ నోట్లో నాలుక లేని మనిషి. మామయ్య గావుకేకలు పెడుతున్నా పప్పులో కారం సరిపోయిందా అని చూసుకుంటూ ఉంటుంది. అట్లాంటి మనిషి అమ్మవారిని ఏం అడిగిందో నాకు చెప్పడమే గొప్ప.

బిట్టు రాలేదు. రోజూ సాయంత్రం అడుగుతాను. "రాలే ఇంకా." దుర్గాంబ గారు ఫోన్ చేస్తారు. "అనుపమా, పాలు పొంగించే రోజుకు తలుపుల్లేని వంటిల్లు చుట్టాలకు చూపించమంటావా?" అంటారు, నవ్వుతూనే. ఆ నవ్వు వారం వారం పలచబడుతోంది. నేను ఈయన మీద విసుక్కుంటే, ఈయన రాణిగంజ్ మీద విసుక్కుంటాడు.

మామయ్య మాత్రం బిట్టు మాట నమ్మడం మానేశాడు. ఒకరోజు మధ్యాహ్నం దుకాణంలో, నేను అన్నం డబ్బా పట్టుకుని అడుగుపెట్టేసరికి, కొడుకు మొహం ముందు తన కుడిచెయ్యి ఆడిస్తున్నాడు. ఆ చేతికి బొటనవేలి పక్క వేలు మొదలంటా లేదు.

"ఇదేంది? నాది సుత పోలే? నువ్వు పుట్టిన ఏడే తెగింది. గుడ్డ కట్టుకోని తెల్లారి పనిల దిగిన. మన పనిల పది వేళ్ళున్నోడు పనోడేనారా? అందరికి పోతయి. బిట్టు రాలే, బేరింగ్ తిరుగలే... ఏం ముచ్చట ఇది?"

విజయేందర్ చిత్రిక పట్టిన చెక్కనే మళ్ళీ పడుతున్నాడు. పక్క దుకాణంలో ఎవరో గ్రైండర్ వేశారు. కీచుమని ఆ చప్పుడు లేవగానే చిత్రిక కింద పెట్టి, "చాయ్ తాగొస్త" అని వానలోకి వెళ్ళిపోయాడు. అన్నం డబ్బా నా చేతిలోనే ఉంది. అన్నం తినే వేళకు చాయ్ ఏమిటి, ఈ మనిషికి? అనుకున్నాను. అప్పుడు కూడా నా మట్టిబుర్రకు తట్టలేదు.

మర్నాడు నేనే రాఘవయ్య దుకాణానికి వెళ్ళాను. వాన జోరుగా ఉంది. మెట్రో స్టేషన్ నుంచి కోచింగ్ పిల్లలు సంచులు తలమీద పెట్టుకుని పరుగెత్తుతున్నారు. రాఘవయ్యను నిలదీద్దామనే పోయాను. ఒక మనిషి నోటికాడి కూడు ఆపుకుని కూర్చున్నావు, రాణిగంజ్ ఏమన్నా ఢిల్లీలో ఉందా అని దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను.

"అన్నా, ఆ వాషర్ల బిట్టు ఇంకా రాలేదా? ఎన్నాళ్ళు తిప్పుతవ్ మావాళ్ళను?"

రాఘవయ్య కళ్ళద్దాలు పైకి నెట్టుకుని నన్ను వింతగా చూశాడు. "వచ్చి పక్షమైతుంది గద చెల్లె! బోనాలకు ముందే వచ్చింది. విజ్జు వచ్చి చూసుకున్నడు, ఇప్పి చూసిండు, మస్తుగున్నదన్నడు. ఉంచన్నా, తర్వాత తీస్కపోత అన్నడు. ఇగో, ఆయన పేరు రాసి పక్కకు పెట్టిన."

కౌంటర్ కింది నుంచి ఎర్ర ప్లాస్టిక్ డబ్బా తీసి నా ముందు పెట్టాడు. మూత తీస్తే రెండు బిట్లు, పక్కన చిన్న కవర్లో రాగి రంగు వాషర్లు. నిలదీయడానికి కూర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో.

"ఏమైంది చెల్లె?" అన్నాడు రాఘవయ్య.

"ఏం లేదన్నా. ఆయనకు పనెక్కువై మరిచిపోయినట్టుండు. నేను తీసుకపోత" అన్నాను. మా ఇంటి గుట్టు ఆ కౌంటర్ మీద పరవడానికి మనసొప్పలేదు.

దుకాణానికి వెళ్ళేసరికి మామయ్య లేడు, ఈయనొక్కడే ఉన్నాడు. డబ్బా తీసి ఆయన ముందున్న బల్ల మీద పెట్టాను. ఆయన డబ్బానూ చూశాడు, నన్నూ చూశాడు. ప్లైవుడ్ ముక్క ఒకటి తీసుకుని, ఒక వాషర్ తీసి, ఒకటి పెట్టి, రెండు చక్రాల మందానికి ఆనించి చూసుకున్నాడు. పాత అలవాటు చేతులను నడిపిస్తోంది. సగం వేలు గాల్లో ఉంది, మిగతావి పనిచేస్తున్నాయి.

"మంచి బిట్టు" అన్నాడు.

"మరి?"

"ఏం మరి?"

"వచ్చి పక్షమైందట."

బల్ల చివర కూర్చున్నాడు. ప్లైవుడ్ ముక్క అంచు గోకుతూ, నా వైపు చూడకుండానే చెప్పాడు. "స్విచ్చెయ్యంగనే ఒక చప్పుడు లేస్తది సూడు. సన్నగ మొదలై పైకి పోతది. అది ఇనంగనే నా వేలు గుంజుతది అనూ. ఉన్నది కాదు, లేనిది. పక్కోడు గ్రైండరేసినా ఈడ కూసోలేకపోతున్న. చాయ్ అని, బీడీ అని బయటికి ఉరుకుతున్న. బీడీ మానేసి ఎన్నేండ్లాయె?"

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పాలె? వడ్రంగోని కొడుకు మిషన్ జూసి భయపడుతుండని చెప్పాల్నా? నాయినకు తెలిస్తె?"

నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను. ఇన్నాళ్ళూ మురిసిపోయానే, ఎంత జాగ్రత్తగల మనిషి అని! బేరింగు అనీ, కాడ అనీ, వంపులనీ ఒక్కొక్క నిజమూ ఏరుకొచ్చి ఆ మిషన్‌కూ తనకూ మధ్య గోడ కట్టుకున్నాడు. ఇక ఏరడానికి ఏమీ మిగల్లేదు. సరిపోయే బిట్టు ఎదురుగా కూర్చుంది.

"ఆ షోరూమోళ్ళకు ఫోన్ చెయ్యి. వస్తనని చెప్పు" అన్నాడు.

"నేను చెయ్యను."

"అనూ."

"నేను చెయ్యనంటే చెయ్యను. టై కట్టుకోని కూసుంటవో, ఏం జేస్తవో, నీ నోటితోనే చెప్పుకో. ముందు దుర్గాంబ గారికి చెప్పు. తర్వాత మీ నాయినకు చెప్పు. ఆ తర్వాత షోరూమోళ్ళకు" అని గొడుగు కూడా తీసుకోకుండా వచ్చేశాను. ఇల్లు చేరేదాకా ఏడ్చాను. వాన కాబట్టి ఎవరికీ తెలియలేదు, అదొక్కటే మేలు.

ఫోన్ ఆయనా చేయలేదు. మర్నాడు పొద్దున మామయ్య దుకాణం తెరిచి బల్ల మీద ఎర్ర డబ్బా చూశాడు. ఇక అంతే, పెళ్ళివారొచ్చినంత హడావిడి. "వచ్చింది! బిట్టొచ్చింది! ఇయ్యాల మంచి రోజు. విజ్జూ, అగర్బత్తి ముట్టిచ్చు. అనుపమా, మీ అత్తను సుత రమ్మను." అత్తమ్మ టిఫిన్ గిన్నెతో వచ్చి షట్టర్ పక్కన స్టూలు మీద కూర్చుంది. వానజల్లు లోపలికి కొడుతోందని షట్టర్ సగం దించి ఉంది.

విజయేందర్ నోరు మెదపకుండా పనిలో దిగాడు. పాత బిట్టు తీసి కొత్తది బిగించాడు. ఎత్తు సరిచేశాడు. చెక్క పైకి లేవకుండా, పక్కకు జరగకుండా అదిమి పట్టే పలకలు రెండు బిగించాడు. చివర తోయడానికి కర్ర తెచ్చి పక్కన పెట్టాడు. టేకు చెక్కను తెచ్చి అంచు ఆనించి చూశాడు. అంత ఒద్దికగా అమర్చిన మిషన్‌ను నేనెప్పుడూ చూడలేదు. అగర్బత్తి పొగ బల్లమీద తిరుగుతోంది.

"ఊఁ. స్విచ్చెయ్" అన్నాడు మామయ్య.

ఈయన చెయ్యి స్విచ్చి దాకా పోయింది. పోయి ఆగింది.

"ఏమ్రా? కరెంట్ లేదా?"

"ఉన్నది నాయినా. నాతోని కాదు." చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నాకు భయమైతుంది. చలికాలం నుంచి భయమే. బిట్టొచ్చి పక్షమాయె. నేనే తెచ్చుకోలే."

వాన రేకుల మీద దబదబా పడుతోంది. "భయమా?" అన్నాడు మామయ్య. "మొగోనివి... మొగిలయ్య కొడుకువి..."

"నేను తోస్త" అన్నాను.

ఆ మాట నేనే అన్నానని నాకు తెలియడానికి క్షణం పట్టింది. ముగ్గురూ నా వంకే చూస్తున్నారు.

"ఇది నీ కుట్టుమిషన్ కాదే" అన్నాడు విజయేందర్.

"తెలుసు. కుడి నుంచి ఎడమకు తోయాలె, తిరిగేదానికి ఎదురుగ. చెయ్యి బిట్టు దరికి రావద్దు, కర్రతోని తోయాలె. ఇన్నేండ్ల నుంచి చూస్తలేనా? మిగిలింది నువ్వు చెప్పు. అంత నువ్వే అమరిస్తివి గద, పక్కన నిలబడి చెప్పలేవా?"

"నిలబడ్త" అన్నాడు. "నువ్వు మిషన్ మీదుంటె ఏడికి పోత?"

మామయ్య బల్ల మీద చేత్తో చరిచాడు. "ఖామోష్! మన ఇండ్లల్ల ఆడోళ్ళు పనిముట్టు ముట్టరు. ఉలి దాటి నడువరు. గాజుల చెయ్యి మిషన్ మీద పెడ్తరా? గల్లీల నలుగురు జూస్తె మొగిలయ్య కోడలుతోని కట్టె కోపిస్తుండనరా?"

నేను బదులు చెప్పేలోపే అత్తమ్మ టిఫిన్ గిన్నె కిందపెట్టి లేచింది. నా దగ్గరికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. చీర కొంగు లాగి నా నడుముకు బిగించి దోపింది. జడ తీసి జాకెట్ లోపలికి తోసింది. ఎప్పుడో ఎన్నోసార్లు చేసిన పనిలా చకచకా చేసేసింది.

"గాజులు తీయ్ బిడ్డా" అంది.

బోసి చేతులతో అన్నం వడ్డించినా ఊరుకోని మనిషి ఆమె. ఒక గాజు చిట్లితే రెండోది వేసుకునేదాకా కాలు నిలవదు. కట్టుకున్నవాడు కళ్ళెదుట నిలబడి ఉండగా, ఆషాఢంలో, గాజులు తీయమంటోంది.

"అత్తమ్మా, ఆయన ముందర..."

"తీయ్. నేను సుత తీసిన."

నాకు అర్థం కాలేదు. విజయేందర్‌కూ కాలేదు. ఆమె కొడుకు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు, పప్పులో ఉప్పు సంగతి చెప్పినట్టే చెప్పింది.

"వేలు తెగినంక మీ నాయిన తెల్లారి పనిల దిగిండన్నది అబద్ధం రా. కోత మిషన్ దరికే పోలే. నిన్ను గా మూలకు తొట్టెల్ల ఏసి, ఇట్లనే షట్టర్ సగం దించి, గాజులు కొంగున ముడేసుకోని కట్టె నేను తోసిన. గల్లీల అందరు మొగిలయ్య కోస్తుండనుకున్నరు. ఏడాదంత కోసిన."

"అమ్మా..." అన్నాడు ఈయన. ఆ తర్వాత తండ్రి వైపు చూశాడు.

మామయ్య తల వంచుకున్నాడు. ఆ తలను ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ నేను వంగగా చూడలేదు. బల్ల అంచు పట్టుకుని, నేలమీది రంపపు పొట్టును కాలితో ఇటూ అటూ కదిపాడు.

"ఏడాది గాదు. నువ్వు బడికి పోయేదాంక" అన్నాడు.

నేను ఒక్కొక్క గాజూ తీసి అత్తమ్మ అరచేతిలో పెట్టాను. ఆమె వాటిని కొంగున ముడేసుకుంది. విజయేందర్ స్విచ్చి దగ్గర నిలబడ్డాడు, ఒక చెయ్యి దాని మీద, కళ్ళు నా వేళ్ళ మీద.

మామయ్య షట్టర్ దగ్గరికి నడిచాడు. కిందికంటా దించేస్తాడనుకున్నాను. ఆ వణికే చేతులు రెండూ షట్టర్ కింద పెట్టి, ఒక్క ఊపున పైకంటా నెట్టేశాడు. వానజల్లు లోపలికి కొట్టింది. ఎదురుగా చాయ్ బండి దగ్గర నిలబడ్డవాళ్ళు గ్లాసులు పట్టుకుని మా వైపు తిరిగి చూశారు.

"స్విచ్చెయ్‌రా" అన్నాడు మామయ్య, వాళ్ళందరికీ వినబడేలా. "నా కోడలు తోస్తది."